నాలుగు లీటర్ల ఇంజను, ఐదు లీటర్ల క్యాను

పాములపాడులో మా చిన్నాయన షెడ్డుకు బోర్డు లేదు. కేజీ రోడ్డు మీద, అంటే కర్నూలు–గుంటూరు రోడ్డు మీద, వేపచెట్టు కింద బానెట్ లేపిన జీపు ఎక్కడ కనిపిస్తే అదే షెడ్డు. ఈ రోడ్డుకు ఇప్పుడు 340సీ జాతీయ రహదారి అని పేరు. 2022 ఏప్రిల్‌లో మా జిల్లా కూడా కర్నూలు నుంచి నంద్యాలకు మారింది. షెడ్డు దగ్గర కూర్చునే పెద్దమనుషులకు మాత్రం రోడ్డు కేజీ రోడ్డే, జిల్లా కర్నూలే.

ఐదేళ్ల తర్వాత ఊరికొచ్చా. దసరా వెళ్లిపోయింది, వాన వెలిసింది, మధ్యాహ్నం ఎండ మాత్రం ఇంకా తగ్గలేదు. చిన్నాయన నన్ను చూసి బాగున్నావా అని అడగలేదు. గుడ్డకు చేతులు తుడుచుకుంటూ, "ఆరు సిలిండర్ల బండి ఎట్లుందిరా?" అన్నాడు.

"బాగుంది చిన్నాయనా."

"సిలవర హెడ్డు?"

"సూపర్."

అబద్ధం. రెండేళ్లుగా వాట్సాప్ కాల్లో చెప్తున్న అబద్ధమే, ఈసారి ఎదురుగా నిలబడి చెప్పా. పక్కన బల్ల మీద ఒక కుర్రాడు కూర్చోనున్నాడు. ఆత్మకూరు వైపు పిల్లోడట. వాళ్ల తాత కాలం నాటి పెట్రోలు జీపు ఒకటి బాగు చేయించుకుంటున్నాడు. యూట్యూబ్‌లో ఏదో చూసి దానికి అల్యూమినియం హెడ్ వేయించాలని పట్టుబట్టాడు. కోయంబత్తూరులో ఎవరో పోత పోసి ఇస్తామన్నారట. చిన్నాయన వాడితో, "మావోడు అమెరికాలో వేసుకున్యాడు, రెండేండ్లయింది, ఏం కాలేదంట" అన్నాడు. వాడి మొహం వెలిగిపోయింది. రేపు సాయంత్రం అడ్వాన్సు కట్టేస్తా అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జెట్‌లాగ్ అని అమ్మకు చెప్పా.

సంగతి మొదట్నుంచి చెప్పాలి. నేను ఫీనిక్స్‌లో ఉంటా. నంద్యాల ఎండలో పెరిగినవాడికి ఆ ఊరు పెద్ద తేడాగా అనిపించదు అనుకున్నా గానీ, 2023 వేసవిలో అక్కడ వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గలేదు, అంటే మన లెక్కలో 43కు పైనే. నా బండి 2000 మోడల్ జీప్ చెరోకీ. నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను, ఆరు సిలిండర్లు ఒకే వరసలో. 1987 నుంచి 2006 దాకా వచ్చిన ఇంజను ఇది. దీని తాతలు 1964 నుంచే అమెరికన్ మోటార్స్ కార్లలో ఉన్నారు. 190 హార్స్‌పవర్, పెద్ద వేగమేం కాదు. కానీ తక్కువ స్పీడులో, రాళ్ల మీద, ఫస్ట్ గేర్లో ఏనుగులా లాగుతుంది. వణుకు లేదు. ఆరు సిలిండర్లు వరసగా ఉంటే ఒకదాని ఊపు ఇంకోదాని ఊపును సరిచేస్తుంది, ఆ నున్నదనం నాలుగు సిలిండర్ల జీపులో రాదు.

మన దేశంలో ఆరు సిలిండర్ల జీపు అంటే జోంగా. ధోనీ 2019లో కొన్న పచ్చ బండి గుర్తుందా, అదే. నిస్సాన్ పెట్రోల్ అనే జపాన్ బండికి లైసెన్సు తీసుకుని జబల్‌పూర్ వెహికిల్ ఫ్యాక్టరీలో మన సైన్యం కోసం 1969 నుంచి 1999 దాకా చేశారు. 3956 సీసీ. చిన్నాయన కర్నూలులో ఒక డిస్పోజల్ జోంగా స్టార్ట్ చేయగా ఒక్కసారి విన్నాడట. ఆ శబ్దం ఇప్పటికీ నోటితో చేసి చూపిస్తాడు. నేను చెరోకీ కొన్నప్పుడు ఫోన్ ఇంజను దగ్గర పెట్టి ఆయనకు వినిపించా. అవతల చాలాసేపు మాట లేదు.

మరుసటి రోజు పొద్దున్నే ఆయన కమాండర్ జీపులో బయల్దేరాం. నాలుగు సిలిండర్ల డీజిల్, ఇనుప హెడ్డు. నల్లమలలో రోళ్లపెంట దాకా పోయి వద్దాం అన్నాడు. నేను దారిలో చెప్పేయాలి అనుకున్నా.

ముందు బనకచర్ల చూపించమన్నా. 2025లో పోలవరం–బనకచర్ల అని పొద్దున లేస్తే అదే వార్త కదా, ఫీనిక్స్‌లో మావాళ్లు కూడా దాని మీద కొట్టుకున్నారు. ఆ బనకచర్ల మా మండలంలోనిదే అని చెబితే ఒక్కడూ నమ్మలేదు. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర తూములు దాటి, సుమారు 16 కిలోమీటర్ల కాలువలో నడిచి ఇక్కడికి వస్తాయి. ఇక్కడ మూడు దారులు. ఒకటి తెలుగుగంగ, వెలుగోడు రిజర్వాయరుకు పోతుంది. రెండోది ఎస్సార్బీసీ, గాలేరు–నగరి వైపు. మూడోది నిప్పులవాగు మీదుగా కేసీ కాలవకు, కుందూకు. గేట్ల అవతల నీళ్లు ఎర్రగా, బరువుగా తిరుగుతున్నాయి. రీల్ తీసుకోవడానికి బాగుంటుంది, ఒడ్డు మాత్రం జారుడు, దూరంగా ఉండండి.

చిన్నాయన చూసి, "ఇది మ్యానిఫోల్డురా" అన్నాడు. ఒక పైపులోంచి వచ్చింది మూడుగా చీలుతుంది గదా, అని. ఆయన ఏది చూసినా ఇంజనే.

నీళ్లు చూస్తుంటే నాకు చిన్నప్పటి క్యాను గుర్తొచ్చింది. ఐదు లీటర్ల నూనె క్యాను, మూతకు తాడు కట్టి ఉండేది. బడి వదలగానే షెడ్డుకు పోతే, ఇంజను విప్పేది చూద్దామని నేను తొంగి చూస్తుంటే, "పో, రేడియేటర్‌కు నీళ్లు తేపో" అని తరిమేవాడు. అదీ షెడ్డు పక్కన బోరింగు ఉండగా! సైకిలేసుకుని కేసీ కాలవ దాకా పోవాలి. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ వాళ్లు తవ్వించిన కాలవ అది, వాళ్ల ఆలోచన పడవలు కూడా నడపాలని. నాకు మాత్రం అది ఒక శిక్ష. నేను అడ్డంగా ఉన్నానని కాసేపు వదిలించుకోవడానికి పంపుతున్నాడనే అనుకునేవాణ్ణి. ఎన్నోసార్లు బోరింగు దగ్గరే నింపేసి, కాసేపు చెట్టు కింద కూర్చుని వచ్చిన రోజులూ ఉన్నాయి.

ఆత్మకూరులో ఉగ్గాని, బజ్జి తిన్నాం. దీని గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది. అమెరికాలో బొరుగులు దొరుకుతాయి, పుట్నాల పొడి దొరుకుతుంది, అన్నీ కలిపితే ఉగ్గాని మాత్రం రాదు.

ఆత్మకూరు దాటగానే ఊర్లు అయిపోతాయి. బైర్లూటి దగ్గర అటవీశాఖ వాళ్ల క్యాంపు ఉంది, గుడారాల్లో ఉండొచ్చు, జీపు సఫారీ ఉంటుంది. వర్షాకాలంలో పులులు జతకట్టే నెలల్లో మూసేస్తారు, కనుక్కుని పోండి. ఇదంతా నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్. పులి కనపడుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మాకు నెమళ్లు కనిపించాయి, రోడ్డు మధ్యలో ఒక కోతుల పంచాయతీ కనిపించింది. అడవి ఇంకా తడి ఆరలేదు. టేకాకులు పళ్లేలంత ఉన్నాయి.

ఘాట్ మొదలయ్యాక చిన్నాయన ఏమీ మాట్లాడడు. చెవి ఇంజను మీదే. సెకండ్ గేర్లో ఎక్కుతుంటే వేడి మీటరు ముల్లు నెమ్మదిగా లేచింది. అలా లేవడం నేను ఇంకో కొండ మీద చూశా, అందుకే చేతులు చల్లబడ్డాయి. ఒక మలుపు దగ్గర వెడల్పు చోటు చూసి ఆపాడు. ఇంజను ఆపలేదు, రెండు నిమిషాలు అలాగే తిరగనిచ్చాడు. తర్వాత ఆపి బానెట్ లేపాడు. రేడియేటర్ మూత ముట్టుకోలేదు. "మూత తీయాలంటే ఒక బీడీ అయిపోవాల" అన్నాడు. బీడీ మానేసి పదేళ్లయింది గానీ కొలత అదే.

అక్కడ చెప్పా.

"చిన్నాయనా, నా బండికి ఇప్పుడు సిలవర హెడ్డు లేదు. పాడైంది. ఇనుపదే వేసుకున్నా."

ఆయన నా వైపు తిరగలేదు. "ఎప్పుడు?" అన్నాడు.

"రెండేళ్లయింది."

మనలో చాలామంది బండ్లు నడుపుతాం గానీ హెడ్ అంటే ఏంటో చూసి ఉండం. ఇంజను ఒక ప్రెషర్ కుక్కర్ అనుకోండి. కింద గిన్నె బ్లాకు, పైన మూత హెడ్డు, మధ్యలో రబ్బరులాగా గ్యాస్కెట్. పెట్రోలు పేలేది ఆ మూత కిందే. ఆ మూతలోనే వాల్వులు, ఆ మూతలోనే నీళ్లు తిరిగే దారులు. ఆరు సిలిండర్లు వరసగా ఉంటే మూత కూడా పొడుగ్గా ఉంటుంది. పొడుగు పలక వేడికి వంగడం సులభం. మధ్యలో ఉన్న మూడు, నాలుగు సిలిండర్ల దగ్గర వేడి ఎక్కువ.

నా బండికి కంపెనీ నుంచి వచ్చింది ఇనుప హెడ్డే. 2000, 2001 మోడళ్లలో చాలావాటికి వచ్చిన పోత అది, మీద 0331 అని నంబరు ఉంటుంది. దానికొక చెడ్డపేరు ఉంది, సరిగ్గా మూడు, నాలుగు సిలిండర్ల మధ్యే పగులుతుంది. నాదీ పగిలింది. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల ఆయిల్ చిలికిన మజ్జిగలా ఉంది. ఆ పగుళ్ల గొడవ సరిచేసి తర్వాత వచ్చిన పోత మీద టూపీ అని అక్షరాలు ఉంటాయి. బ్రెజిల్ ఫౌండ్రీ పేరది. బుద్ధి ఉన్నవాడు అదే కొనుక్కుంటాడు. నేను అల్యూమినియంది కొన్నా. ఆరు నెలల పొదుపు పోయింది.

ఎందుకు కొన్నానంటే, చెప్పుకోవడానికి మంచి కారణాలే ఉన్నాయి. ఇనుప పెనం, సిలవర గిన్నె పక్కపక్కన పెట్టి వేడి చేయండి. గిన్నె త్వరగా వేడెక్కుతుంది, దించగానే త్వరగా చల్లారుతుంది. పోత ఇనుము కంటే అల్యూమినియం సుమారు మూడింతలు వేగంగా వేడిని మోసుకుపోతుంది. బరువు కూడా తేడా, ఒకే పరిమాణానికి ఇనుము 7.2 తూగితే అల్యూమినియం 2.7. వేడి తొందరగా పోతుంది కాబట్టి పెట్రోలు ముందే పేలి టకటక కొట్టే జబ్బు తగ్గుతుంది. అందువల్ల కంప్రెషన్ కాస్త పెంచుకోవచ్చు. నా ఇంజనుకు కంపెనీ ఇచ్చింది తొమ్మిదికి లోపే, అల్యూమినియం ఉంటే ఇంకో పాయింటు దాకా పెంచుకునే వీలుంటుంది. యూట్యూబ్‌లో చెప్పని మాట ఒకటుంది. లోహం మార్చినంత మాత్రాన పవర్ రాదు. కంప్రెషన్ పెంచితే, గాలి వచ్చే దారులు బాగా మలిస్తే వస్తుంది. ఉత్తగా ఇనుము తీసి సిలవర పెడితే పోయేది బరువు, వచ్చేది మెరుపు.

బిగించింది నేనే. అదొక గర్వం. ఈ ఇంజను హెడ్డుకు 14 బోల్టులు. ఇనుప హెడ్డుకైతే కంపెనీ పుస్తకంలో ఉన్న వరస ప్రకారం ముందు 22 ఫుట్‌పౌండ్లు, తర్వాత 45, చివరికి 110 దాకా బిగించాలి. పదకొండో బోల్టు ఒక్కటి మాత్రం 100. దాని చివర నీళ్ల దారిలోకి దిగుతుంది, అందుకే మరలకు సీలెంట్ పూయాలి. కొత్త హెడ్డులోనూ ఆ బోల్టు సంగతి అంతే. నేను పూశాను, సరిగ్గా పూయలేదు. చుక్క చుక్క కారేది. వారానికో గ్లాసు నీళ్లు తగ్గేది. నేను ఏం చేశా? విప్పి మళ్లీ పూయాల్సింది పోయి, కుళాయి నీళ్లు పట్టి పోశా. రెండు వేసవులు అలాగే. ఫీనిక్స్ కుళాయి నీళ్లు ఎలాంటివంటే, గిన్నె కడిగి ఆరబెడితే తెల్లటి మచ్చలు మిగులుతాయి. మా షెడ్డులో అలాగే పోసేవాళ్లం కదా, ఏమైంది, అనుకున్నా.

ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్‌కు ఐ-17 రోడ్డు. మూడు వందల మీటర్ల ఎత్తు నుంచి రెండు వేల మీటర్ల పైకి ఎక్కాలి. ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపుకోండి అని రోడ్డు పక్కన బోర్డులు కూడా పెట్టారు. జూలై మధ్యాహ్నం, బండిలో నలుగురం, ఏసీ ఫుల్లు. ముల్లు లేచింది. ఇంకో రెండు మైళ్లు పోతే ఆగే చోటు వస్తుంది అనుకున్నా. ఆ రెండు మైళ్లే చాలు.

విప్పి చూస్తే నీళ్ల దారుల్లో తెల్లటి పేరు, కొన్నిచోట్ల చెద తిన్నట్టు గుంటలు. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు ఒకే నీళ్లలో తడుస్తుంటే, ఆ నీళ్లలో ఉప్పు ఉంటే, రెండింట్లో అల్యూమినియమే కరుగుతుంది. కూలెంట్‌లో కలిపే మందులు ఉండేది అందుకే, నేను వాటిని రెండేళ్లుగా కుళాయి నీళ్లతో పలచన చేస్తూ వచ్చా. ఆ పేరు వల్ల వేడి బయటికి పోలేదు. ఇనుము కంటే సుమారు రెండింతలు సాగే లోహం అది, ఇనుప బోల్టులు, ఇనుప బ్లాకు మధ్య ఎటూ సాగలేక మధ్యలో వంగింది. మెషిన్ షాపులో స్కేలు పెట్టి, కింద సన్న గేజి దూర్చి చూపించారు. ఫేసింగ్ చేస్తే సరిపోదా అని అడిగా. అంత వేడి తగిలాక మెత్తబడిపోయింది, ఇక బిగువు నిలవదు అన్నారు.

ఇదంతా ఆ మలుపు దగ్గర చెప్పా. లారీలు పోతున్నాయి. చివర్లో ఒక మాట కూడా అనేశా, అనకుండా ఉండాల్సింది.

"మన షెడ్డు అలవాటే చిన్నాయనా. ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు పోసేవాళ్లం గదా."

చిన్నాయన అప్పుడు తిరిగి చూశాడు. కోపం కాదు. ఏదో పానా కనపడకపోతే వెతికే చూపు.

"ఏ నీళ్లు పడితే ఆ నీళ్లా? నిన్ను కాలవకాడికి ఎందుకు పంపేవాణ్ణిరా నేను?"

నాకు మాట రాలేదు.

"బోరింగు పక్కనే ఉంటే అంత దూరం ఎందుకు పంపుతారు ఎవురైనా? ఆ బోరు నీళ్లతో టీ కాస్తే పాలు ఇరిగేటివి. గిన్నె అడుగున సున్నం కట్టేది. అది రేడియేటర్‌లో పోస్తే ఊరుకుంటాదా? కాలవ నీళ్లు కొంచెం మేలు. పంచెగుడ్డలో వడగట్టి పోసేవాణ్ణి. చూడలేదా నువ్వు?"

చూశా. గుడ్డ గుర్తుంది. నాచు, ఇసుక కోసం అనుకున్నా. ఇరవై ఏళ్లు ఆ క్యాను నాకు చిన్నాయన మొండితనానికి గుర్తు. అమెరికాలో కుళాయి తిప్పిన ప్రతిసారీ ఆయన పేరు చెప్పుకునే తిప్పా.

బోరింగు దగ్గర నింపి తెచ్చిన రోజుల గురించి కూడా చెప్పేశా. ఇక దాచేదేముంది. "తెలుసు" అన్నాడు. "నువ్వు తొందరగా వస్తే బోరింగు నీళ్లే. అవి చేతులు కడుక్కోడానికి పెట్టేవాణ్ణి." కానీ ఆలస్యంగా వచ్చిన రోజులూ ఉన్నాయి, చెట్టు కింద కూర్చుని. అది చెప్పలేదు.

ఆ బీడీ సమయం అయిపోయింది. తడిగుడ్డ మూత మీద వేసి, సగం తిప్పి, బుస్సుమన్నాక పూర్తిగా తీశాడు. లోపల నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి. ఇనుము కూడా ఊరికే ఓర్చుకోదు, నెమ్మదిగా తనను తాను తింటుంది. తేడా ఏంటంటే ఇనుము చాలా ఏళ్లు తిడుతూ పనిచేస్తుంది, సిలవర ఒక్కసారే మాట మానేస్తుంది. కొత్త కార్లన్నిటికీ అల్యూమినియం హెడ్లే కదా, మరి అవి ఎలా బతుకుతున్నాయి అంటారేమో. వాటిలో కంపెనీ పోసిన కూలెంట్ ఉంటుంది, గడువుకు మార్చేవాళ్లు మారుస్తారు. మార్చకుండా బాటిల్ నీళ్లు పోసేవాళ్లు మీలో ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు బానెట్ లేపి చూడండి.

రోళ్లపెంట దాకా పోయాం. టీ తాగాం. అడవి మధ్యలో ఆ చిన్న చోట గాలి ఎంత బాగుంటుందో చెప్పాలనే ఈ వ్యాసం మొదలుపెట్టా, తీరా చూస్తే ఇంజను గురించే రాశా. వచ్చేటప్పుడు ఘాట్ దిగుడు, ముల్లు కదల్లేదు. ఆత్మకూరులో ఒక ఆటోమొబైల్ షాపు ముందు ఆపి చిన్నాయన పచ్చ కూలెంట్ క్యాను ధర అడిగాడు. విని, "పాలకన్నా పిరమే" అన్నాడు. ఒకటి కొన్నాడు. నేను డబ్బులు తీయబోతే చెయ్యి తోసేశాడు.

షెడ్డుకు చేరేసరికి ఆ పిల్లోడు బల్ల మీదే ఉన్నాడు. ఫోన్లో హెడ్డు ఫొటో తెరిచి పెట్టుకున్నాడు. నిజంగానే బాగుంది, అద్దంలా. "అన్నా, నీది ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అని నన్నే అడిగాడు.

చెప్పా. మొదట్నుంచి, బోల్టు దగ్గర్నుంచి ఐ-17 దాకా. చిన్నాయనకు చెప్పినంత కష్టంగా లేదు. వాడి మొహం కొంచెం కొంచెంగా దిగిపోయింది. అంతా విని, "అయితే వద్దంటావా?" అన్నాడు.

నేను చిన్నాయన వైపు చూశా. ఆయన కమాండర్ రేడియేటర్ కింద తొట్టి పెట్టి తుప్పు నీళ్లు వదుల్తున్నాడు. తలెత్తకుండానే వాణ్ణి అడిగాడు.

"మీ ఇంటికాడ ఏం నీళ్లు?"

"బోరు నీళ్లు."

"మీ అమ్మనడిగి ఒక పాత సిలవర గిన్నె తీసుకో. దాంట్లో ఆ నీళ్లు పోసి, రెండు ఇనుప మేకులేసి, నెల రోజులు పెట్టు. తర్వాత నాకు తెచ్చి చూపించు. అంతవరకూ అడ్వాన్సు కట్టాకు."

వాడికి అర్థమైందో లేదో తెలీదు. చిన్నాయన రేడియేటర్ లోపల కడగాలి, మంచినీళ్లు కావాలన్నాడు. గోడకు వేలాడుతున్న క్యాను తీసుకున్నా. అదే క్యాను కాదు, అదే కొలత. సైకిల్ లేదు, ఆ పిల్లోడి బండి అడిగి కాలవకు పోయా.